రాజీనామాకు జీపేసుకొని వచ్చిన పెద్దమనుషులు

నేను జీవితంలో చెయ్యని తెలివితక్కువ పని లేదు. పెళ్లిచూపులకు పోయి, కాఫీ తెచ్చిన పెళ్లికూతురి అక్కను చూసి "నాకు నచ్చింది" అని తల ఊపినవాణ్ణి. రైతు పొలంలో మోటారు బిగించి, స్విచ్చి వేసేటప్పుడు పైపు నోరు నా వైపే తిప్పి పెట్టుకున్నవాణ్ణి. అవన్నీ ఒక ఎత్తు. ఉద్యోగం మానెయ్యడానికి మా ఊరి పెద్దమనుషుల్ని పిలిపించి పంచాయితీ పెట్టించడం ఒక్కటే ఒక ఎత్తు. చదివాక మీరు నన్ను తిట్టుకుంటారు. పర్వాలేదు, మా ఆవిడ తిట్టినన్ని తిట్లు మీకు రావు.

అప్పుడు నేను కర్నూల్లో డ్రిప్పు పైపులు, బోరు మోటార్లు అమ్మే షాపులో సర్వీసు సూపర్‌వైజర్ని. పేరు పెద్దదే కానీ పని, ఎండలో రైతుల పొలాలకు పోయి "మోటారు తప్పు కాదప్పా, కింద నీళ్లే లేవు" అని చెప్పి తిట్లు తిని రావడం. మా సొంతూరు మైదుకూరు పక్కన. కొత్తగా పెళ్లయింది. మా ఆవిడ శిరీష మైదుకూరులో ఒక బడిలో టీచరు. నేనిక్కడ అద్దె గదిలో, ఆమె అక్కడ మా ఇంట్లో. ఆదివారం ఒక్కరోజు చూసుకునేవాళ్లం. అది కూడా మా మేనేజరు ఫోను మోగేదాకానే.

ఇంతలో కడపలో ఇలాంటి షాపులోనే నాకు ఉద్యోగం దొరికింది. జీతం ఎక్కువ, బండికి పెట్రోలు వాళ్లే పోస్తారు, ఆదివారం సెలవు. అన్నిటికన్నా ముఖ్యంగా, సాయంత్రం కడపలో బస్సెక్కితే రాత్రి అన్నానికి ఇంట్లో ఉండొచ్చు. కడప ఓనరు పెట్టిన షరతు ఒక్కటే. "ఒకటో తేదీకి రావాల. వచ్చేటప్పుడు ఆ షాపు నుంచి రిలీవింగ్ లెటరు తేవాల. ఆడ చెప్పకుండా వచ్చినోడు ఈడ చెప్పకుండా పోడని ఏం గ్యారంటీ?" అన్నాడు. న్యాయమైన మాటే. నెలన్నర టైముంది. ఒక కాగితం మీద ఒక సంతకం పెట్టించుకోవడానికి నెలన్నర చాలదా అనుకున్నాను. అంత అమాయకుణ్ణి.

మా మేనేజరు పేరు మద్దిలేటి సారు. అరిచే మేనేజరైతే మనమూ ఎదురు అరిచి బయటపడొచ్చు. ఈయన అరవడు. ప్రేమిస్తాడు.

"కూర్చోప్పా సుబ్బారెడ్డీ, ఏందిది?" అన్నాడు కాగితం అందుకుని.

"రాజీనామా సార్."

చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. "అక్షరాలు ముత్యాల మాదిరుండాయి. ఎవురు రాసిరి?"

"నేనే సార్."

"శానా బాగుండాది. ఈ సీజను అయిపోనీ, చూస్తాం" అని సొరుగులో పెట్టాడు. నా అక్షరాల్ని మెచ్చుకున్నందుకు నేను ఆయనకు థాంక్స్ కూడా చెప్పి బయటికొచ్చాను. గది దాటాక గుర్తొచ్చింది, మా షాపుకు సీజను అయిపోవడమనేది లేదని. వాన పడితే పైపుల సీజను. పడకపోతే బోర్లు వేయిస్తారు కాబట్టి మోటార్ల సీజను. పడీ పడనట్టు పడితే రెండూ.

పది రోజులు చూసి, ఈసారి మందపాటి కాగితం కొని, రెండో లెటరు రాసి ఆయన బల్ల మీద పెట్టాను. మర్నాడు పొద్దున ఆయనే పిలిచాడు. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తెప్పించి నాకోసం ఎదురుచూస్తున్నాడు. ఎంత మంచివాడో చూశారా అనుకుంటూ మూడో బజ్జి తీశాను. దాని కింద, నూనెలో తడిసి, "ఇట్లు తమ విధేయుడు, సుబ్బారెడ్డి" అని కనిపించింది.

"సార్! ఇది నా లెటరు సార్!"

"అవునా? చూసుకోలేదప్పా" అని ఆయన ఏమాత్రం తడుముకోకుండా అన్నాడు. "మంచి కాగితం. నూనె బాగా పీల్చింది. ఇంగో బజ్జి తిను."

తిన్నాను. ఏం చెయ్యమంటారు? వేడిగా ఉంది.

మూడోసారి గట్టిగానే అడిగాను. "నీ మాదిరి ఒకన్ని చూపిచ్చి పోప్పా, నేను వద్దన్లే" అన్నాడు. ఇద్దర్ని వెతికి తెచ్చాను. మొదటివాణ్ణి చూసి, "మొగం ఇంత తెల్లగుండాది, మన ఎండకు నాలుగు దినాలు నిలబడతాడా?" అని పంపేశాడు. రెండోవాడు నిజంగా పనిమంతుడు. వాడు బయటికి పోయాక సారు నా భుజం మీద చెయ్యి వేశాడు. "వీడు నీ కంటే బాగా చేసేట్టుండాడు. వీన్ని పెట్టుకుంటే నిన్ను మర్చిపోతా. నిన్ను మర్చిపోవడం నాకిష్టం లేదు సుబ్బారెడ్డీ" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా కళ్లలో కూడా తిరిగాయి. ఆయనవి ప్రేమతో, నావి ఏడుపుతో.

ఒకటో తేదీకి ఇంక పది రోజులే ఉన్నాయి. శిరీష ఫోను చేసింది.

"ఏమైంది? సంతకం పెట్న్యాడా?"

"పెడతాడంట."

"నీకు నోరు లేదా?"

"ఉండాది. తెరిసినప్పుడల్లా ఆయన దాంట్లో బజ్జి పెడతాండాడు."

"ఒకటో తేదీ ఈడ నువ్వుండాల. లేకుంటే మీ మేనేజరుతోనే సంసారం చేసుకో" అని పెట్టేసింది. ఆ మాట గుర్తు పెట్టుకోండి. మా ఆవిడ నోటి మాటకు బలం ఎక్కువ.

చదువుకున్నవాడెవడైనా ఈ పరిస్థితిలో ఏం చేస్తాడు? హైదరాబాదులో ఉండే ఓనరుకు ఫోను చేస్తాడు. నేను మా ఊరికి చేశాను.

మా వైపు ఏ తగాదా వచ్చినా, గట్టు జరిగినా, మేక చేలో పడినా, కోడలు అలిగి పుట్టింటికి పోయినా, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడించడం అలవాటు. మా నాన్నకు అన్న, సిద్ధారెడ్డి పెద్దనాయన, ఈ పనిలో చుట్టుపక్కల పది ఊళ్లకు పేరు మోసినవాడు. ముఖ్యంగా మొగుడూ పెళ్లాల తగాదాలు. "ముప్పై ఏండ్లల్లో నా చేతి మీద ఒక్క సంసారం ఇడిపోలే" అని మీసం మీద చెయ్యేసి చెప్పుకునేవాడు. అంత పేరున్న మనిషి మద్దిలేటి సారును లొంగదియ్యలేడా అనుకున్నాను. ఆ పేరు ఎందుకొచ్చిందో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే, ఇవ్వాళ మీకు చదవడానికి ఏమీ ఉండేది కాదు.

"మా మేనేజరు పోనిస్తాలేడు పెద్దనాయనా, నువ్వొచ్చి మాట్లాడల్ల" అన్నాను.

"ఇంతేనా? సోమవారం వస్తాండా. నేనొచ్చేదాకా నువ్వు నోరు మెదపొద్దు" అన్నాడు.

సోమవారం పొద్దున షాపు ముందర జీపు ఆగింది. అందులోంచి అయిదుగురు దిగారు. అయిదుగురివీ తెల్ల పంచెలు, తెల్ల చొక్కాలు, భుజాల మీద తువ్వాళ్లు, చెవుల దాకా మీసాలు. దిగినవాళ్లు దిగినట్టే నిలబడి షాపు బోర్డును పైనుంచి కిందికి చూశారు. మన సీమలో ఆ దృశ్యానికి జనం ఏం అర్థం చెప్పుకుంటారో మీకు తెలుసు. పక్కనున్న సిమెంటు షాపువాడు షట్టరు సగం దించాడు. ఎదురుగా ఎరువుల షాపువాడు పూర్తిగానే దించాడు, తను లోపల ఉండి. పైపులు బేరమాడుతున్న రైతు, అడిగిన ధర ఇచ్చేసి పైపులు తీసుకోకుండానే పోయాడు.

మా ఫిట్టరు మస్తాన్ భాయి నా చెయ్యి పట్టుకున్నాడు. షాపు పెట్టినప్పటినుంచీ ఉన్న మనిషి ఆయన. "సుబ్బారెడ్డి భాయ్, ఏం చేసినావ్ నువ్వు? ఎవరీళ్లు?"

"మా పెద్దనాయన. నా రాజీనామా సంగతి మాట్లాడను వచ్చినాడు."

"రాజీనామాకు జీపా?" అని మస్తాన్ భాయి నోరు తెరిచాడు.

లోపల మద్దిలేటి సారు మొహం సున్నం కొట్టినట్టయింది. పెద్దనాయన నేరుగా ఆయన ముందుకు పోయి నిలబడ్డాడు. "మద్దిలేటి అంటే నువ్వేనా?"

"నే... నేనే పెద్దాయనా."

షాపంతా ఊపిరి బిగబట్టింది. పెద్దనాయన మోకాళ్లు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. "కొంచెం మజ్జిగుంటే ఇప్పియ్యప్పా. ఆ జీపులో నడుములు ఇరిగిపోయినాయి" అన్నాడు.

మద్దిలేటి సారు అక్కడే గెలిచాడని ఇప్పుడు నాకు తెలుస్తోంది. మజ్జిగ వచ్చింది. వెనకే అయిదు ప్లేట్ల ఉగ్గాని, బజ్జీ వచ్చాయి. మస్తాన్ భాయి అందరికీ నీళ్లు పోశాడు. తిన్నాక పెద్దనాయన చేతులు తుడుచుకుని, కాళ్లు పైకి మడిచి, పంచాయితీ మొదలుపెట్టాడు. ముందు నన్ను నిలబెట్టాడు.

"చెప్పప్పా. ఈయన నిన్ను కొట్న్యాడా?"

"లేదు పెద్దనాయనా."

"తాగొచ్చి తిట్న్యాడా?"

"ఆయన టీ తప్ప ఏం తాగడు."

"తిండికి మాడ్సినాడా?"

"లేదు. దినామూ ఉగ్గాని పెడతాడు."

పెద్దమనుషులు నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మనిషి బంగారం మాదిరుండాడే" అన్నాడు ఒకాయన, పళ్ల సందున ఇరుక్కున్న మిరపకాయ తీసుకుంటూ.

"మరి యాల పోతానంటాండావు?" అన్నాడు పెద్దనాయన.

నేను నోరు తెరిచేలోపే మద్దిలేటి సారు అందుకున్నాడు. "పెద్దాయనా, వీడు నా దగ్గరికి వచ్చిన దినం స్పానరు ఏ పక్క పట్టుకోవాలో గూడా తెలీదు. నా సొంత తమ్మునికన్నా ఎక్కువ చూసుకున్యా. ఎండలో తిరిగొస్తే మజ్జిగ పెట్టినా. జొరమొస్తే డాక్టరు దగ్గరికి బండి మీద కూర్చోబెట్టుకొని పోయినా. ఇప్పుడు నన్ను ఇడ్సిపెట్టి పోతానంటాండాడు. నేనేం పాపం చేసినా?"

"ప్చ్ ప్చ్" అన్నారు నలుగురూ. పెద్దనాయన నా వైపు తిరిగి కళ్లు చిన్నవి చేశాడు. ఆ చూపు నాకు తెలుసు. మా ఊళ్లో ఎందరో మొగుళ్లను ఆ చూపుతోనే ఒప్పించాడు.

"నిజం చెప్పు సుబ్బా. ఇంగొకరు ఉండారా?"

"అంటే... కడపలో ఒక షాపు ఉండాది."

"అట్ల చెప్పు!" అని పెద్దనాయన తొడ చరిచాడు. "ఇదీ అసలు సంగతి! యాడో ఇంగొకటి చూసుకొని, ఈయన మీద వంకలు పెడతాండావు. ఈడ లేనిది ఆడ ఏముండాది? నలుగురిలో చెప్పు."

నాకు ఉక్రోషం వచ్చింది. ఉక్రోషంలో మనిషి బడిపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు అన్నీ చెప్పేస్తాడు. నేనూ చెప్పాను. జీతం చెప్పాను. పెట్రోలు సంగతి చెప్పాను.

"ఆదివారం సెలవిస్తారా?" అని మద్దిలేటి సారు మెత్తగా అడిగాడు.

"ఇస్తారు! ఫోను గూడా చెయ్యరు!"

"ఉండనీకె గది?"

"కావాలంటే షాపు పైనే ఇస్తారు. బాడుగ లేదు!"

"మనిషి మంచోడేనా ఆ ఓనరు?"

"దేవుడు!"

"అట్లనా" అన్నాడు సారు. చేతికి దొరికిన కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. నా మాటలకు సిగ్గుపడి తప్పులు దిద్దుకుంటున్నాడనుకున్నాను. నిజం. ప్రమాణంగా అలాగే అనుకున్నాను.

"ఆ కడపాయన నంబరు చెప్పు. నేను మాట్లాడతా" అన్నాడు పెద్దనాయన. నాకోసం మాట్లాడతాడని ఆశపడి, అందరికీ వినబడేలా ఒక్కో అంకె చెప్పాను. మద్దిలేటి సారు తిరిగి చదివి సరిచూసుకున్నాడు. పెద్దనాయన ఫోను చేసి, స్పీకరు పెట్టాడు.

"ఏమప్పా, నేను సుబ్బారెడ్డి పెద్దనాయన్ను మాట్లాడతాండా. మా పిల్లోడు ఆడికి రాడు. ఈడ వాళ్లిద్దరూ బాగనే ఉండారు. మధ్యలో నువ్వు దూరొద్దు. నీకు మనిషి కావాలంటే ఇంగొకన్ని చూసుకో."

"పెద్దనాయనా!" అని నేను అరిచేలోపు ఫోను పెట్టేశాడు. కడపలో నా ఉద్యోగం, సాయంత్రం బస్సు, ఇంటి అన్నం, అన్నీ ఆ ఒక్క కాల్‌తో పోయాయి.

తర్వాత తీర్పు. ఉగాది దాకా నేను ఇక్కడే ఉండాలి. సారు ఆదివారం ఫోను చెయ్యకూడదు. ఒకరి మీద ఒకరు నలుగురిలో చాడీలు చెప్పుకోకూడదు. మాతో ఒకరికొకరు తమలపాకులు, అరటిపండ్లు ఇప్పించారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ అరటిపండు చేతిలో పట్టుకుని నేను నిలబడ్డ ఫోటో మస్తాన్ భాయి ఫోనులో ఇప్పటికీ ఉంది. అందులో నా మొహం, బలవంతంగా పెళ్లి చేసిన పెళ్లికొడుకు మొహంలాగే ఉంటుంది.

జీపెక్కుతూ పెద్దనాయన నా తల నిమిరాడు. "చూసినావా? ముప్పై ఏండ్లల్లో ఒక్కటి ఇడిపోలే!"

సంగతి విన్నాక శిరీష అరవలేదు. "కలిపినారా? సల్లగా ఉండండి ఇద్దరూ" అంది. అంతే. నాలుగు రోజులు ఫోను ఎత్తలేదు. ఎగతాళిగా రాసుకుపోతున్నాను కానీ, ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు. ఉగ్గాని కూడా.

సరిగ్గా ఒకటో తేదీ పొద్దున మద్దిలేటి సారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, నా ముందు ఒక కాగితం పెట్టాడు. ఆయన రిలీవింగ్ లెటరు.

"సంతకం పెట్టప్పా. ఓనరుతో మాట్లాడినా. ఇంగ నువ్వే మేనేజరు."

"మీరు... యాడికి సార్?"

"కడపకు. మా అత్తగారి ఊరు గూడా అదే గదా. నువ్వు చెప్పినట్టే, ఆ ఓనరు దేవుడప్పా!"

ఆయన నా పక్కన కూర్చుని, ఈసారి నిజమైన ప్రేమతోనే అనుకుంటాను, చెప్పాడు. "నీకు దాచేదేముండాది. నేను రాజీనామా రాసిచ్చి రెండేండ్లాయ. 'నీ కుర్చీలో కూర్చునేవాన్ని తయారు చేసి పో' అంటాండాడు ఓనరు. నువ్వు పోతే నేను యాడ పోదును? మీ పెద్దనాయన దేవుని మాదిరి వచ్చి నిన్ను ఈడ కట్టేసిపాయ."

నెలన్నర నేను ఏడ్చినా దొరకని సంతకం, ఆయనకు రెండు నిమిషాల్లో దొరికింది. నా పెన్ను రాయకపోతే తన పెన్ను ఇచ్చాడు కూడా.

దసరా సెలవులకు శిరీష రెండు పెట్టెలతో కర్నూల్లో దిగింది. "పెద్దమనుషులు వద్దు, జీపులొద్దు. నేనే వచ్చినా. జరుగు" అని గదిలోకి వచ్చింది. ఇక్కడే బళ్లో చేరింది. ఆ రోజు నేను ఏడ్చిన సంగతి ఆమె ఇప్పటికీ అందరికీ చెబుతుంది. చెప్పుకోనీండి.

ఒక్కటే ఇబ్బంది మిగిలింది. పెద్దనాయన తను కలిపిన ప్రతి సంసారానికీ సోమవారం ఫోను చేసి కుశలం అడుగుతాడు. "ఎట్లుండారప్పా నువ్వూ, మద్దిలేటీ?" అంటాడు. ముప్పై ఏళ్ల పేరు నా చేతులతో ఎలా చెడగొట్టను? "బాగుండాం పెద్దనాయనా" అనేవాణ్ణి. "అరుస్తాండాడా?" "ఇప్పుడు అస్సలు మాట్లాడ్డు పెద్దనాయనా."

ఇలా నడుస్తుండగా ఒకరోజు మస్తాన్ భాయి వచ్చి నా బల్ల మీద రాజీనామా పెట్టాడు. నా గుండె కరిగింది. నేను పడిన బాధ ఇంకొకరు పడకూడదని, అక్కడికక్కడే సంతకం పెట్టి, సీలు వేసి, చెయ్యి కలిపి, "పోయిరా భాయ్, బాగుండు" అన్నాను. నా మంచితనానికి నాకే ముచ్చటేసింది. మస్తాన్ భాయి ఆ కాగితం వైపు, నా వైపు చూసి, దాన్ని నా బల్ల మీదే వదిలేసి పోయాడు.

మర్నాడు పొద్దున పక్క షాపు షట్టరు సగం దిగిన చప్పుడైంది. తలెత్తి చూస్తే జీపు. తెల్ల పంచెలు అయిదు. వెనకే, కళ్లు తుడుచుకుంటూ మస్తాన్ భాయి. పోయినసారి నీళ్లు పోసేటప్పుడే పెద్దనాయన నంబరు తీసి పెట్టుకున్నాడట.

"ఇన్నేండ్లు చేసిన మనిషిని, ఒక్క మాటన్నా ఉండమనకుండా రెండు నిమిషాల్లో తరిమేస్తారా పెద్దాయనా?" అంటున్నాడు. "నేను నిజంగా పోనీకె ఇచ్చినానా? రెండుసార్లు బతిమాలుతాడు, ఒకసారి ఉగ్గాని పెడతాడు అనుకున్యా!"

పెద్దనాయన లోపలికొచ్చాడు. మేనేజరు కుర్చీలో నన్ను చూశాడు. షాపంతా వెతికాడు.

"మద్దిలేటి యాడ?"

నేను చెప్పాను. చెప్పక తప్పలేదు. ఆయన చెయ్యి మీసం మీదికి పోయి, సగంలో ఆగి, మెల్లగా కిందికి దిగింది. కుర్చీలో కూలబడ్డాడు. ఈసారి మజ్జిగ కూడా అడగలేదు.

అందుకని పాఠకులారా, మా పెద్దనాయన దిగిపోయిన చెయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నేను రాజీనామా రాయను. రాసినా పెద్దమనుషుల్ని పిలవను. నాకెవరైనా రాజీనామా ఇస్తే, కళ్లకద్దుకుని తీసుకుని, అక్షరాలు బాగున్నాయని మెచ్చుకుని, సీజను అయిపోనీ అంటాను. మర్నాడు పొద్దున్నే దాని మీద వేడివేడి మిరపకాయ బజ్జీలు పెట్టి, ఇచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని తినిపిస్తాను. మస్తాన్ భాయి లెటరుతోనే మొదలుపెట్టాను. కాగితం మంచిదే, నూనె బాగా పీల్చింది.